క్రాకోవ్ నుంచి జాలిపియె: గోడల నిండా పూలున్న ఊరిని ఒక్క రోజులో చూసి రావడం ఎలా

పోలండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. క్రాకోవ్‌కి ఎవరైనా చుట్టాలో ఫ్రెండ్సో వస్తే చూపించేవి మాత్రం ఎప్పుడూ అవే, వియెలిచ్కా ఉప్పు గని, నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్, జకోపనె కొండలు. అవి చూడొద్దని కాదు. అవన్నీ అయిపోయాక, జనం తోసుకోని చోటు ఏదైనా ఉందా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జాలిపియె అనే చిన్న ఊరు, ఏడెనిమిది వందల మంది జనాభా, ఇళ్ల గోడల మీద, బావి మీద, కోళ్ల గూటి మీద, చివరికి కుక్క ఇంటి మీద కూడా పూలు వేసి ఉంటాయి. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి వెళ్లిపోయి, దిగాక "ఇదేంటి, ఇళ్లన్నీ పొలాల మధ్య ఎక్కడెక్కడో ఉన్నాయి" అని నిరాశపడి అరగంటలో తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. కాస్త తెలుసుకుని, ఒక వరుసలో చూస్తే అలా అవ్వదు.

ముందు ఊరు ఎక్కడుందో సరిగ్గా పట్టుకోండి

మ్యాప్‌లో జెడ్-ఏ-ఎల్-ఐ-పి-ఐ-ఇ అని కొట్టండి. క్రాకోవ్‌కి తూర్పున, తర్నూఫ్ పట్నానికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లలో, మావోపోల్స్కా రాష్ట్రంలో, దొంబ్రోవా తర్నోవ్‌స్కా అనే చిన్న టౌన్‌కి దగ్గర్లో కనిపించాలి. ఇది ఓలెస్నో అనే గ్రామం కింద వస్తుంది. ఇక్కడే ఒక చిక్కుంది, ఓలెస్నో అనే పేరుతోనే పోలండ్‌కి అటు పడమర వైపు ఒపోలె ప్రాంతంలో ఇంకో పట్నం ఉంది, అది దీనికంటే పెద్దది, అందుకని బస్సు యాప్‌లో పేరు కొట్టగానే చాలాసార్లు అదే ముందు వస్తుంది. టికెట్ కొనేముందు జిల్లా పేరు ఒకసారి చూసుకోండి, లేకపోతే సరిగ్గా వ్యతిరేక దిక్కులో తేలతారు.

నేల సంగతి చెప్పాలంటే, జకోపనె వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ కొండలు వెతక్కండి, ఒక్కటి కూడా లేదు. చుట్టూ చదునైన పొలాలు, కాలవలు, విల్లో చెట్లు. పడమర దునాయెత్స్ నది, ఉత్తరాన విస్తులా. విస్తులా ఒడ్డున ఉన్న ఈ ప్రాంతమంతటినీ పోవిష్లె దొంబ్రోవ్‌స్కియె అంటారు. పల్లపు ప్రాంతం కాబట్టి వరదలు కొత్త కాదు. 1934 జులైలో దునాయెత్స్ లోయ అంతా మునిగిపోయింది, ఆ దెబ్బతోనే ఎగువన రోజ్నూఫ్ దగ్గర డ్యామ్ కట్టారు. 2010లో కూడా విస్తులా వరద ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లను ముంచేసింది. నది దగ్గరికి వెళ్తే ఎత్తైన మట్టి కట్టలు కనిపిస్తాయి, ఇప్పుడు వాటి మీద సైకిల్ దారులు వేశారు.

వెళ్లేముందు పది నిమిషాలు చరిత్ర చదవండి

ఇది దాటవేయకండి. గోడ మీద పూలు ఎందుకొచ్చాయో తెలియకపోతే అక్కడ మీకు కనిపించేది పెయింట్ మాత్రమే.

1772లో ఆస్ట్రియా ఈ ప్రాంతాన్ని తీసేసుకుంది, 1918 దాకా గలీషియా అనే పేరుతో తన కిందే ఉంచుకుంది. 19వ శతాబ్దంలో విస్తులాకి ఇవతల ఆస్ట్రియా చక్రవర్తి రాజ్యం, అవతల రష్యా జార్ రాజ్యం, అంటే జాలిపియెకి ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలోనే రెండు సామ్రాజ్యాల సరిహద్దు. గలీషియా అంటే అప్పట్లో యూరప్‌లోనే బాగా పేద ప్రాంతాల్లో ఒకటి. ముక్కలు ముక్కలైన పొలాలు, పంట చేతికి రాకముందే ఖాళీ అయ్యే గాదెలు, అమెరికా ఓడ ఎక్కేసే కుర్రాళ్లు.

ఆ పేదరికంలో ఇల్లంటే దుంగలతో కట్టిన గుడిసె, మధ్యలో పొయ్యి, పొగగొట్టం లేదు. పొగ తలుపులోంచో పైకప్పు సందులోంచో పోవాలి, పోయేలోపు గోడలన్నీ నల్లగా మసి పట్టేవి. ఆడవాళ్లు ఏం చేసేవాళ్లంటే, పండగ రోజులు వచ్చేసరికి ఆ మసి గోడ మీద సున్నంతో తెల్లటి చుక్కలు, మచ్చలు వేసేవాళ్లు. అందం కోసమే కాదు, ఆ చీకట్లో కాస్త వెలుగు కోసం. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి పొగగొట్టాలున్న పొయ్యిలు వచ్చాయి, గోడ తెల్లగా నిలవడం మొదలైంది. మసిని కప్పే పని అయిపోయింది కానీ చెయ్యి ఊరుకోలేదు. చుక్కలు రెక్కలయ్యాయి, రెక్కలు పూలయ్యాయి, గుత్తులయ్యాయి. రంగులంటే సున్నం, బంకమట్టి, మసి, వాటిలో పాలు కలిపేవాళ్లు, నిలవడానికి. కుంచెలు ఆవు తోక వెంట్రుకలతో, పుల్లల చివర నలగ్గొట్టి చేసుకున్నవి.

మనకైతే ఇది సులువుగా అర్థమవుతుంది, సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేసేవాళ్లకి కాగితం మీద డిజైన్ అక్కర్లేదు కదా, ఇక్కడా అంతే, ముందు స్కెచ్ గీసుకోకుండా నేరుగా గోడ మీదే వేసేవాళ్లు.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. ఐదేళ్లకు పైగా సాగిన జర్మన్ ఆక్రమణ అయ్యాక, 1948లో "రంగుల గుడిసె" పోటీ పెట్టారు, ఎవరి ఇల్లు బాగా వేస్తే వాళ్లకి బహుమతి. యుద్ధంతో నలిగిపోయిన జనానికి మళ్లీ కుంచె పట్టుకునే కారణం ఒకటి దొరికింది. మొదట్లో అప్పుడప్పుడు జరిగినా 1965 నుంచి ఏటా జరుగుతోంది, పోలండ్‌లో జానపద కళకి సంబంధించి అన్నిటికంటే ఎక్కువ కాలంగా నడుస్తున్న పోటీల్లో ఇదొకటి. నిజం చెప్పాలంటే ఈ పోటీ లేకపోతే జాలిపియె కూడా మిగతా ఊళ్లలాగే 1970లలో సిమెంట్ ఇళ్లు కట్టుకుని గోడలకి బూడిద రంగు పూసేసుకునేదేమో అని నాకనిపిస్తుంది.

ఈ కథలో ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి చాలు, ఫెలిత్సియా త్సురివోవా. 1904లో పుట్టింది, 1974లో పోయింది. ఈ ఊరి పూలను బయటి ప్రపంచానికి చూపించింది ముఖ్యంగా ఆవిడే. ఆవిడ ఇల్లే ఇప్పుడు మ్యూజియం.

తేదీ ఎలా ఎంచుకోవాలి

మే నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడైనా ఫరవాలేదు, పెరట్లో అసలు పూలు, గోడ మీద రంగు పూలు రెండూ ఒకేసారి దొరుకుతాయి. అన్నిటికంటే మంచి సమయం కార్పస్ క్రిస్టి అనే కాథలిక్ పండగ తర్వాత వచ్చే వీకెండ్. పోలిష్‌లో బోజె చ్యావో అంటారు, ఈస్టర్ నుంచి లెక్కపెడితే 60 రోజులకు వచ్చే గురువారం, 2026లో జూన్ 4, 2027లో మే 27. పండగకి ముందు ఇళ్లు శుభ్రం చేసి గోడలకి కొత్తగా వేసుకోవడం ఇక్కడ పాత ఆచారం, పోటీ కూడా ఆ వీకెండే పెడతారు, కాబట్టి రంగులు అప్పుడే ఆరినట్టు ఉంటాయి. జడ్జీలు ఇంటింటికీ తిరుగుతారు, పాటలు, డాన్సులు, అంగళ్లు ఉంటాయి. జనం కూడా ఉంటారు, అది మీకు పడకపోతే ఇంకో రెండు వారాలు ఆగి వెళ్లండి, రంగు ఎక్కడికీ పోదు.

సోమవారం వద్దు, పోలండ్‌లో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా ఏ వేళకి తెరుస్తారో ముందురోజు మ్యూజియం సైట్‌లో చూసుకుని బయల్దేరండి, చలికాలం వేళలు వేరు, వేసవి వేళలు వేరు. డిసెంబర్, జనవరిలో పగలు ఎనిమిది గంటలే, మధ్యాహ్నం నాలుగు దాటకముందే చీకటి పడిపోతుంది, అప్పుడు వెళ్లడం దండగ.

ఎలా వెళ్లాలి

నిజాయితీగా చెప్తున్నా, కారు ఉంటే మంచిది. క్రాకోవ్ నుంచి తూర్పుకి ఏ4 మోటార్‌వే మీద తర్నూఫ్ దాకా వచ్చి, అక్కడినుంచి ఉత్తరానికి దొంబ్రోవా రోడ్డు ఎక్కితే మొత్తం గంటన్నర పడుతుంది. క్రాకోవ్ నుంచి తర్నూఫ్ వైపు కార్లకి టోల్ లేదు, టోల్ కట్టేది అటు కటోవిత్సె వైపు. నలుగురు కలిసి అద్దెకి తీసుకుంటే ఖర్చు తేలిగ్గానే పోతుంది. ఇండియా లైసెన్స్‌తో నడపాలనుకుంటే ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా దగ్గర ఉంచుకోండి. ఇక్కడ నివాసం మొదలై ఆరు నెలలు దాటితే ఆ లైసెన్స్ చెల్లదు, పోలిష్ లైసెన్స్ తీసుకోవాల్సిందే, దీని గురించి చాలామంది పట్టించుకోరు, పోలీసులు ఆపినప్పుడు టెన్షన్ పడతారు. పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసే ఉండాలి. ఊళ్లలో స్పీడు 50, పల్లె రోడ్లు ఖాళీగా ఉన్నాయి కదా అని తొక్కకండి.

కారు లేకపోతే క్రాకోవ్ మెయిన్ స్టేషన్ నుంచి తర్నూఫ్‌కి ట్రైన్, గంట అటూ ఇటూ. రోజంతా చాలా ఉంటాయి, కోలియో యాప్‌లో చూడండి. ఇక్కడి యూనివర్సిటీ ఇచ్చిన స్టూడెంట్ కార్డ్ ఉండి 26 ఏళ్లు నిండకపోతే టికెట్‌లో 51 శాతం తగ్గుతుంది, కార్డ్ మాత్రం చేతిలో ఉండాలి, టీటీ వచ్చినప్పుడు ఇంట్లో మర్చిపోయాను అంటే కుదరదు. తర్నూఫ్ స్టేషన్ పక్కనే బస్టాండ్. అక్కడినుంచి దొంబ్రోవాకి మినీ బస్సులు తరచూ ఉంటాయి, కానీ జాలిపియె దాకా వెళ్లేవి చాలా తక్కువ, శని ఆదివారాలైతే అసలు లేవనే అనుకుని ప్లాన్ చేసుకోండి. ఎ-పోద్రూజ్నిక్ సైట్‌లో వెళ్లే బస్సు ఎంత జాగ్రత్తగా చూస్తారో తిరుగు బస్సు అంతకు రెండింతలు జాగ్రత్తగా చూడండి. దొంబ్రోవా నుంచి టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ఎన్ని గంటలకి మళ్లీ రావాలో కూడా అప్పుడే చెప్పేయండి. ఊళ్లోకి వెళ్లాక ఉబర్ వస్తుందిలే అని ధీమాగా ఉండొద్దు.

మూడో దారి సైకిల్, ఓపిక ఉన్నవాళ్లకి ఇదే నా సలహా. ట్రైన్‌లో సైకిల్ టికెట్ తీసుకుని తర్నూఫ్‌లో దిగి తొక్కుకుంటూ వెళ్లండి, ముందే చెప్పానుగా, ఊరి వైపు దారంతా చదునే. పైగా ఊళ్లో ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి అక్కడ కూడా సైకిలే పనికొస్తుంది.

ఊళ్లో ఏ వరుసలో చూడాలి

ఫెలిత్సియా త్సురివోవా ఇంటితో మొదలుపెట్టండి, వేరే ఎక్కడికీ ముందు వెళ్లకండి. ఇది తర్నూఫ్ మ్యూజియం వాళ్ల కింద నడుస్తుంది. పాతకాలపు ఇల్లు ఎలా ఉండేదో, వంటగది ఎక్కడ, అతిథుల గది ఎక్కడ, పొయ్యి మీద పూలు ఎలా వేశారో అన్నీ ఉన్నచోట ఉన్నట్టే కనిపిస్తాయి. హడావుడి పడకండి. పైకి చూడండి, గడ్డి పుల్లలు, రంగు కాగితాలతో చేసిన వేలాడే అలంకారాలు ఉంటాయి, వాటిని ఇక్కడివాళ్లు "సాలీళ్లు" అంటారు. మంచం మీద దిండ్ల కుట్టుపని, గోడకి కత్తిరించి అతికించిన కాగితపు పూలు, దేవుడి పటాల చుట్టూ దండలు. గోడ మీది పూలు విడిగా లేవు, ఇల్లంతటినీ అలంకరించే పనిలో అవొక భాగం, ఇది ఇక్కడ చూస్తేనే తెలుస్తుంది. బయట బావిని, కొట్టాలను కూడా వదలొద్దు. సరిగ్గా చూస్తే పాత పూలకీ కొత్త పూలకీ తేడా పట్టేయొచ్చు. పాతవి మట్టి రంగుల్లో చిన్నగా, పొడిగా ఉంటాయి, కొత్తవి కొట్లో కొన్న రంగుల్లో పెద్దగా మెరుస్తుంటాయి. నాకు పాతవే ఇష్టం, కానీ ఊళ్లో ఎక్కువ కనిపించేవి కొత్తవే.

తర్వాత దోమ్ మలారెక్, అంటే బొమ్మలు వేసే ఆడవాళ్ల ఇల్లు, 1970ల చివర్లో కట్టారు. ఊరి కళాకేంద్రం అనుకోండి. పోటీ, ఎగ్జిబిషన్‌లు జరిగేది ఇక్కడే. చిన్నచిన్న వస్తువులు కొనాలనుకుంటే, అంటే రంగులేసిన చెక్క గుడ్లు, ప్లేట్లు లాంటివి, క్రాకోవ్ సెంటర్‌లో టూరిస్టు కొట్లలో కాకుండా ఇక్కడ కొనండి, వేసినవాళ్లకి డబ్బు చేరుతుంది. గ్రూపుగా వెళ్తుంటే ముందే ఫోన్ చేసి రంగులు వేయడం నేర్పిస్తారేమో అడగండి. పిల్లలతో వెళ్లేవాళ్లకి రోజులో అదే హైలైట్ అవుతుంది.

మూడోది సెయింట్ జోసెఫ్ చర్చి. బయటినుంచి మామూలుగా ఉంటుంది, లోపల గోడల మీద అవే పూలు. ఆదివారం పూజ జరుగుతుంటే అయ్యేదాకా బయట ఆగండి, కెమెరా పట్టుకుని మధ్యలో దూరకండి. ఫైర్ స్టేషన్‌ని కూడా చూడండి, ప్రభుత్వ భవనమని వదిలేయలేదు, దానికీ పూలే.

ఇక మిగిలినవి ఇళ్లు. రంగులేసిన ఇళ్లు ఇరవైకి పైనే ఉన్నాయి కానీ ఒకదాని పక్కన ఒకటి ఉండవు. పోలండ్ పల్లెల్లో చాలాచోట్ల వీధి పేర్లే ఉండవు, అడ్రస్ అంటే ఊరి పేరు, ఇంటి నంబర్, అంతే, పైగా నంబర్లు కూడా వరుసగా ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే మ్యూజియంలోనో దోమ్ మలారెక్‌లోనో ఏ ఇళ్లు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్ అడిగి తీసుకోండి. దారి మలుపుల దగ్గర చిన్న చిన్న మేరీమాత గుళ్లు కనిపిస్తాయి, కారులో వెళ్తే అవన్నీ మిస్ అవుతారు.

ఇళ్ల దగ్గర ఎలా ఉండాలి

ఇదంతా శిల్పారామంలాగా కట్టిన సెట్టింగ్ కాదు, జనం కాపురముంటున్న ఇళ్లు. రోడ్డు మీదినుంచి ఫొటో తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. గేటు తీసి లోపలికి వెళ్లాలంటే మాత్రం అడగాలి. "జెన్ దోబ్రి" అని పలకరించి, "చీ మోజ్నా వెయిష్చ్?" అంటే లోపలికి రావచ్చా అని. వచ్చీరాని పోలిష్ అయినా సరే, ఇంగ్లిష్‌లో మొదలుపెట్టడం కంటే నయం, పెద్దవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాదు. పెరట్లో పనిచేసుకుంటున్న పెద్దావిడ ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తీయకండి. ఎవరైనా లోపలికి పిలిచి చూపిస్తే చిన్న వస్తువేదైనా కొనండి. గోడల మీద చేతులు పెట్టొద్దు, పాత రంగు పొడిగా రాలిపోతుంది. పూల కుక్క ఇల్లు చూసి ముచ్చటపడి దగ్గరికి వెళ్లేముందు ఒక సంగతి, అందులో నిజంగానే కుక్క ఉంటుంది.

తిండి

ఇంటినుంచి పులిహోరో చపాతీలో కట్టుకెళ్లండి. ఊళ్లో హోటల్ ఉంటుందని నమ్ముకోవద్దు. ఆదివారం వెళ్తే ఇంకో ఇబ్బంది, పోలండ్‌లో ఎక్కువ ఆదివారాలు పెద్ద షాపులన్నీ మూసేస్తారు, కార్పస్ క్రిస్టి గురువారం కూడా సెలవే, కాబట్టి నీళ్లు, బిస్కెట్లు ముందే కొనుక్కోండి. అత్యవసరమైతే పెట్రోల్ బంకులు తెరిచే ఉంటాయి. కొంచెం నగదు కూడా ఉంచుకోండి, ఇళ్ల దగ్గర కొనేటప్పుడు కార్డ్ గీసే మెషీన్ ఉండదు.

తిరుగు దారిలో దొంబ్రోవాలోనో తర్నూఫ్‌లోనో తినొచ్చు. శాకాహారులు పియెరోగి రుస్కియె అడగండి, బంగాళదుంప, పన్నీర్ లాంటి జున్ను పెట్టి ఉడికించినవి. అంతా వెజ్ అనుకుని నిశ్చింతగా ఉండొద్దు, పైన పంది కొవ్వు వేయించి చల్లే అలవాటుంది. "బెజ్ స్క్వార్కూఫ్" అని చెప్తే అది వేయరు.

టైమ్ మిగిలితే

దొంబ్రోవా తర్నోవ్‌స్కాలో పాత యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్, తప్పకుండా చూడండి. 19వ శతాబ్దంలో కట్టింది, ఆ ఊరి సైజుకి నమ్మలేనంత పెద్దది. యుద్ధానికి ముందు ఈ టౌన్‌లో యూదులు చాలామంది ఉండేవాళ్లు, నాజీల చేతిలో దాదాపు అందరూ చనిపోయారు, భవనం దశాబ్దాల పాటు శిథిలంగా పడి ఉంది, బాగు చేసి 2012లో మళ్లీ తెరిచారు. జాలిపియె రంగులు చూసి వచ్చినవాళ్లకి ఇది బరువుగానే ఉంటుంది, కానీ ఈ ప్రాంతం చరిత్రలో సగం ఇక్కడే ఉంది.

కారున్నవాళ్లు దునాయెత్స్ దాటి వావ్ రూదా అనే పల్లెకి కూడా వెళ్లి రావచ్చు. చూడ్డానికి ఒక మైదానం, ఒక స్మారకం తప్ప ఏమీ లేవు, కథ మాత్రం సినిమాకి తక్కువేం కాదు. 1944 జులై 25 రాత్రి ఇటలీ నుంచి మిత్రరాజ్యాల డకోటా విమానం ఒకటి జర్మన్లు ఆక్రమించిన ఈ నేల మీద చీకట్లో దిగింది. జర్మన్ల వీ2 రాకెట్ ఒకటి పేలకుండా పడిపోతే పోలిష్ రహస్య సైన్యం దాన్ని దాచేసి, విడదీసి, ముఖ్యమైన భాగాలను ఇక్కడిదాకా తెచ్చింది, వాటిని లండన్ చేర్చడానికి వచ్చిన విమానం అది. వానలకి నేల మెత్తబడి చక్రాలు దిగబడిపోయాయి, మళ్లీ మళ్లీ ప్రయత్నించినా కదల్లేదు, చక్రాల కింద తవ్వి, చెక్కలు వేసి, తెల్లారేలోపు ఎలాగో లేపారు.

తర్నూఫ్‌లో ఒక గంట ఉంటే పాత మార్కెట్ చౌరస్తా, మధ్యలో టౌన్ హాల్ చూడండి. ఆష్విట్జ్‌కి మొట్టమొదటిసారి పెద్ద ఎత్తున పోలిష్ ఖైదీలను, 728 మందిని, తీసుకెళ్లిన ట్రైన్ 1940 జూన్ 14న బయల్దేరింది ఈ పట్నం నుంచే, దానికి స్మారకం కూడా ఉంది. మీరు క్రాకోవ్ ట్రైన్ ఎక్కే స్టేషన్ 1910 నాటిది, లోపలి హాలు బాగుంటుంది, కాబట్టి ఒక ఇరవై నిమిషాలు ముందే చేరుకోండి. రాత్రి తొమ్మిది దాటాక ట్రైన్లు పలచబడతాయి, తర్నూఫ్‌లో దిగిన ఉదయమే తిరుగు ట్రైన్ టైమ్, దాని తర్వాతి దాని టైమ్ రెండూ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.